మంగళవారం పదకొండు గంటలకు

బ్లఫ్ రేవులో వాన నిలువుగా పడదు,
కిటికీలకు అడ్డంగా వచ్చి తగులుతుంది.
ఆరో నంబరు గదిలో ఇరవై ఆరుగురు పిల్లలు,
నేను, ఒక హీటరు, తడిసిన ఉన్ని కోట్ల వాసన.
మూడో బల్ల దగ్గర హినెరాంగి. తొమ్మిదేళ్లు.

ఒకే పేజీలో 'ఎందుకంటే' అన్న మాటని
నాలుగు రకాలుగా రాస్తుంది.
నాలుగింటికీ ఎర్ర సున్నా చుట్టాను.
ఎందుకు అని మాత్రం అడగలేదు.

ఏప్రిల్లో ఒక లెక్క ఇచ్చాను.
ఆల్చిప్పల పడవ ఐదింటికి బయల్దేరి
గంటకిన్ని గోతాల చొప్పున, మధ్యలో రెండు గంటలు ఆగి...
అందరూ రాశారు.
ఆమె కాగితం తెల్లగా తిరిగొచ్చింది,
మూలన ఒక చిన్న బాణం గీత తప్ప.
బద్ధకం అనుకున్నాను.
అనుకోవడం ఎంత తేలిక.

విరామంలో ఆ లెక్క పైకి చదివి వినిపించాను.
వాక్యం సగంలో ఉండగానే "నూట నలభై" అంది.
"కానీ మిస్, ఆ పడవ అసలు వెళ్లదు.
పడమటి గాలి నలభై అని రాశారు.
ఆ గాలికి మా నాన్న తాళ్లు కూడా విప్పడు."

అంత పేరాలో ఆమె కూడబలుక్కుని చదవగలిగింది
ఆ ఒక్క ముక్కే. బాణం, గాలి.
ఆమె జవాబు రాసింది.
చదవడం రానిది నాకు.

మే నెలలో పరీక్షలు చేశారు. రెండు ఫైళ్లు వచ్చాయి.
పచ్చ ఫైలు: ఈ పిల్లకి సాయం కావాలి.
నీలం ఫైలు: ఈ పిల్లని అందుకోవడం మన వల్ల కాదు.
రెండూ కూడి రెండుతో భాగిస్తే
వచ్చేది 'ఫరవాలేదు'.
మూడేళ్లుగా ఆమె రిపోర్టుల్లో ఉన్న మాట అదే.

వెనకబడ్డవాళ్ల క్లాసు మంగళవారం పదకొండుకి.
ముందున్నవాళ్ల క్లాసూ మంగళవారం పదకొండుకే.
పెటిగ్రూ గారు ఇన్వర్‌కార్గిల్ నుంచి వారానికి ఒక్కరోజే వస్తారు.
రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దంటారు.
ఆమె పుట్టడమే అలా పుట్టింది,
ఒక పడవని లాగెయ్యమంటున్నాం మనం.

"అయితే మంగళవారం నేనెవర్ని?" అని అడిగింది.
పెటిగ్రూ చెడ్డవాడు కాడు.
వాచీ చూసుకున్నాడు, అంతే.

ఇంతలో ఫెతు లేచాడు, వెనక బల్ల నుంచి.
"తనకే ఎందుకు చదివి పెడతారు? నాకూ చదవొచ్చుగా?"
న్యాయం గురించి ఏదో చెప్పబోయి, మానేసి,
"చదువుతాను" అన్నాను.
ఇప్పుడు ప్రతి లెక్కా గది మొత్తానికి గొంతెత్తి చదువుతున్నాను.
ఇంకో ముగ్గురి తెల్ల కాగితాలు నల్లబడ్డాయి.
వాళ్లు ఏ ఫైల్లోనూ లేరు.

ఇక్కడ ముత్యం అని రాయబోయి ఆగాను.
ఈ రేవు ఆల్చిప్పల్లో ముత్యాలు ఎవరూ వెతకరు.
ఉప్పునీళ్లతో సహా ఆకలికి తింటారు.
ఆమెలో ఏదో దాగుందని తెరిచి చూడక్కర్లేదు,
ఉన్నదంతా బల్ల మీదే ఉంది.

అన్ని రోజులూ ఇలా ఉండవు.
జూన్‌లో ఒక పొద్దున హీటరు రొద భరించలేక
తల మీద కోటు కప్పుకుని బల్ల కిందికి దూరింది.
నాకు ఓపిక చచ్చింది. బయటికి పంపేశాను.
ఆ మాట కూడా ఇందులో ఉండాలి.
ఎర్ర పెన్ను ఇంకా నా దగ్గరే ఉంది,
అదీ చెప్పాలి.

ఆగస్టు నుంచి మంగళవారం
అరగంట ఇటు, అరగంట అటు.
నడవాలో పరిగెడుతూ మారుతుంది, షూ లేసులు ఊడి.
దీన్ని గెలుపు అనలేను.

సెప్టెంబరు. టర్మ్ ఆఖరి రోజు.
నా బల్ల మీద ఒక చీటీ.
కొన్ని అక్షరాలు తలకిందులు, కొన్ని అద్దంలోవి.
పెదాలు కదుపుతూ, వేలు పెట్టి, ఒక్కొక్కటే కూడబలుక్కున్నాను.
తలుపు దగ్గర నిలబడి చూస్తోంది,
నన్ను తొందరపెట్టకుండా.

గాలి తగ్గింది, అని ఉంది.
లేదా, గాలి తగ్గాలి.
ఏదని అడిగాను.

"రెండూ" అంది,
కోటు జిప్పు పైకి లాక్కుంటూ.