భుజమెత్తు రాయి

వెంగుర్లా కోర్టు నన్ను పంపింది,
ఒక టేపు, ఒక గొడుగు, ఒక గుమస్తాతో,
దావా స్థలం కొలిచి
ఉన్నది ఉన్నట్టు రాసి తెమ్మని.

ఉన్నది ఇదీ:
జీడిమామిడి తోటలో ఎర్రటి బాట.
పొడవు రెండొందల పన్నెండడుగులు.
వెడల్పు మూడడుగుల నాలుగంగుళాలు, అంటే
తలమీద చేపలబుట్టతో ఒక మనిషి,
ఎదురొచ్చే కుక్కకి కాస్త చోటు.
తూర్పు కొసన శేవంతి కుబల్ పెంకుటిల్లు.
పడమటి కొసన ఉప్పుటేరు.
నడుమ, నిరుడు పెట్టిన ఇనుప గేటు.

చట్టానికి నేల రెండు రకాలు.
నడిచేవాళ్లది ఏలే నేల.
నడవనిచ్చేవాళ్లది మోసే నేల.
ఆ లెక్కన మూడు గుంటల శేవంతి ఏలిక,
పన్నెండెకరాల నాబర్లు ఆమె బోయీలు.
గుమస్తా నవ్వాడు. నేనూ నవ్వాను.
ఆమె గేటు వైపు చూసి కొంగు సర్దుకుంది.

ఇరవై ఏళ్లు నడిస్తే నడక హక్కవుతుంది.
పట్టపగలు, నలుగురూ చూస్తుండగా,
తగువు లేకుండా, తెంపు లేకుండా,
ఎవరినీ అడక్కుండా.
ఆ చివరి మాట దగ్గరే కేసు కాలు జారింది.

ముప్పై ఒక్క ఏళ్లు నడిచింది శేవంతి.
వకీలు పరూళేకర్ వారం రోజులు వల్లె వేయించాడు,
బళ్లో పిల్లకి ఎక్కం నేర్పినట్టు:
"అడగలేదు. ఎప్పుడూ అడగలేదు. నా దారి, నడిచాను."
బోనెక్కి ఆమె అంది:
"అయ్యో, అడక్కుండా ఎలా నడుస్తాను సాహెబ్?
ఏటా వానలు వెనకబట్టాక
దోసెడు ఎండు కోకం తీసుకెళ్లి
దాజీ నాబర్ అరుగు మీద పెట్టేదాన్ని.
నడవనా దాజీ అంటే
నడువు, నీ కాళ్లకి నేనేమన్నా కూలిస్తున్నానా అనేవాడు.
ఒక్క ఏడు అడగలేదు.
మా ఆయన పడవ తిరిగి రాని ఏడు.
ఆ ఏడు కోకం దాజీయే మా ఇంటికి పంపాడు."

పరూళేకర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.
అవతలి వకీలు ఇక ప్రశ్నలు లేవన్నాడు.
నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.
ఊరే.
కోర్టని ఎవరూ అనలేదు.

అడిగి నడిస్తే అది దయ.
అడక్కుండా నడిస్తే హక్కు.
ఈ ముక్క రాసే పరీక్ష పాసయ్యాను నేను,
మార్కులు కూడా బాగానే వచ్చాయి.

పోనీ, అవసరం అందామా అంటే
కొండ చుట్టూ తారురోడ్డు ఉంది, రెండున్నర కిలోమీటర్లు.
ఎండలో చేప అంతసేపు ఆగుతుందా అని
చట్టం అడగదు.

దాజీ పోయి మూడేళ్లు.
మేనల్లుడు హృషీకేశ్ చెడ్డవాడేం కాదు, నాకు కొబ్బరినీళ్లిచ్చాడు.
"వచ్చి అడిగితే తెరవనా? హక్కంటోంది కదండీ" అన్నాడు.
తాళం పడ్డాకే కదయ్యా ఆమె నోట హక్కన్న మాట వచ్చింది
అనే అధికారం కమిషనర్‌కి లేదు.
నీళ్లు తాగాను.

టేపు చుట్టేస్తుంటే గుమస్తా కేకేశాడు.
బాట సగంలో, నీడలో, నిలబెట్టిన జాంభా రాయి.
పైన బల్లలా చెక్కి ఉంది,
నూనె రాసినట్టు నునుపు.
"బుట్ట దించుకునే రాయి" అంది శేవంతి.
"భుజం లాగుతోందన్న ఏడు దాజీ పాతించాడు."

కొలిచాను. నాలుగడుగుల ఒక అంగుళం.
కోర్టు చెప్పని పని కూడా ఒకటి చేశాను.
ఆమెను పక్కన నిలబెట్టి భుజం ఎత్తు కొలిచాను.
నాలుగడుగులు.
"అప్పట్లో సరిగ్గా సరిపోయేది" అంది,
అంగుళం తను పోగొట్టుకున్నట్టు, సిగ్గుపడుతూ.

హక్కుకి సాక్ష్యం అంటాడు ఒక వకీలు.
దయకి సాక్ష్యం అంటాడు ఇంకొకడు.
నేను రెండు కొలతలూ రాశాను,
ఎందుకో రాయలేదు.

తిరిగొస్తుంటే, గేటుకి అవతల,
ముప్పై ఒక్క ఏళ్లుగా ఏదీ మొలవని చోట
నాలుగు గడ్డి పిలకలు.
ఇవి కూడా రాయాలా సార్ అన్నాడు గుమస్తా.
రాయి, అన్నాను.
తేదీ వేసి రాయి.