లీటరు నీళ్ళు

అనంతపురం పెద్దాసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ
కాగితం మీద రాసి కింద రెండు గీతలు కొట్టింది:
రోజుకు లీటరు. టీ, మజ్జిగ, గంజి అన్నీ కలిపి.
"గుండెకు తోడే బలం లేదమ్మా,
నీళ్ళన్నీ కాళ్ళలోనే నిలుస్తున్నాయి."
కళ్యాణదుర్గం బస్సులో మా అత్త తిప్పక్క
నా భుజం మీద తల పెట్టి అడిగింది,
"లీటరంటే ఎన్ని చెంబులే?"
ఒక్క చెంబు అని చెప్పలేదు నేను.
కిటికీలోంచి ఎవరిదో బుడ్డల చేను చూపించినాను.

ఆమె పాదం మీద బొటనవేలితో నొక్కితే గుంత పడుతుంది.
వంక ఇసుకలో చెలిమె తీసినట్టే,
కాకపోతే ఇందులో నీళ్ళు ఊరవు,
కాసేపటికి గుంతే పూడుకుంటుంది.
నా పెండ్లయిన ఏడు
ఈ కాళ్ళే నాకు చెలిమె తావు చూపించినాయి.
కోడి కూయకముందే, ముందు ఆమె, వెనక నేను,
నడుమ లాంతరు.
గంట కూర్చుంటే ఒక కడవ.
ఆ కడవకు ఇంట్లో ఆమెదే కొలత:
మొగోళ్ళకింత, ఎనుముకింత,
నీ తలస్నానం సంగతి ఆదివారం చూద్దాంలే.
నేను పచ్చి బాలింతగా దాహమని ఏడిస్తే
"నీళ్ళు తాగితే పొట్ట జారుతుంది,
తడిగుడ్డ చీకు" అంది.
నేను మర్చిపోలేదు.
మర్చిపోయినానని అప్పుడప్పుడు అనుకుంటా.

ఇప్పుడు కొళాయి వంటింటి గోడకే ఉంది.
రోజు మార్చి రోజైనా వస్తాయి.
సీసా మీద పెన్నుతో గీతలు పెట్టినాను,
ఒక్కో గీత కాడ ఒక్కో గొడవ.
నాకు అరవై ఒకటి. కూర్చుంటే మోకాళ్ళలో
రాతి ఉప్పు నూరినట్టు చప్పుడు.
నీటి మాత్ర మింగిన రెండు గంటల్లో
ఆమెను ఏడుసార్లు లేపి ఏడుసార్లు కూర్చోబెట్టాల.
ఇద్దరమూ "అమ్మా" అనే లేస్తాం.
ఏ మూలుగు ఎవరిదో గోడకు తెలియాల.
మా ఆయన ఎర్రిస్వామి రాత్రిళ్ళు
బెళుగుప్ప కాడ గాలిమరలకు కాపలా.
తెల్లారి వచ్చి, వాకిట్లో చెప్పులిడుస్తా
"అమ్మ ఎట్లుంది?" అంటాడు.
"ఉంది" అంటా. పండుకుంటాడు.

పక్కింటి వన్నూరమ్మ వస్తే చాలు, అత్తకు గొంతు లేస్తుంది.
"చూడు వన్నూరమ్మా,
పోయేముందర నోట్లో పోసే నీళ్ళు కూడా
ఇప్పట్నుంచే మిగిలిస్తాంది నా కోడలు."
వన్నూరమ్మ ఏమీ అనదు.
పోతా పోతా సీసా వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూస్తుంది.

మొన్న శనివారం రాత్రి కరెంటు పోయింది.
ఉక్కకు మెలకువొచ్చి తడిమితే మంచం ఖాళీ.
నా భుజం లేనిదే లేవని మనిషి
చీకట్లో పాకుతా పోయి,
కడవకు చుట్టిన తడి పంచెకు
మొహం ఆనించి చీకుతాంది.
చిన్న చప్పుడు. దూడ చప్పుడు.

ముప్పై తొమ్మిదేండ్ల కిందటి ఆమె మాట
నా నాలుక కొన దాకా వచ్చింది.
మింగినాను.
వెనక్కొచ్చి చాప మీద పడుకొని
గట్టిగా రెండుసార్లు దగ్గినాను,
నేను లేస్తాండానని తెలిసేటట్టు.
వంద లెక్కపెట్టి పోతే
మంచంకోడు పట్టుకొని కూర్చోనుంది.
"ఒంటికి లేచినానే" అంది.
గడ్డం కింద తడి. కొంగుతో తుడిచినాను.
"నన్ను పిలిస్తే పోయేది గదా" అన్నాను.

పొద్దున డాక్టరమ్మ ఇచ్చిన పుస్తకంలో
లీటరు అనే రాసినాను.
పంచె తాగిందెంతో, ఆమె తాగిందెంతో
ఏ గీత మీద కొలిచేది?
పాదం నొక్కితే గుంత ఇంకా లోతు.
"ఏమే, ఈ పొద్దు ఎన్ని గీతలు?" అంది.
"ఆదివారం గదా," అన్నాను, "తలస్నానం."

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి
ఒకటి కాదు, రెండు బక్కెట్లు.
తల మీద పోసే నీళ్ళకు
కాగితంలో లెక్క లేదు.
కండ్లు మూసుకొని, మొహం పైకెత్తి,
ఆమె నోరు కొంచెం తెరిచింది.

నేను సబ్బు కోసం వెతుకుతా
అటు తిరిగినాను.