ఆల్టో, రెండో వరస

షార్జాలో మా గదికి గోడలు మూడే.
నాలుగోది జిప్సం బోర్డు.
దాని అవతల సోసమ్మ ఆంటీ,
ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ, పగలంతా నిద్ర.
ఆ పక్క గదిలో టాక్సీ నడిపే అన్నదమ్ములు,
ఒకడు లేచేసరికి ఇంకొకడు పడుకుంటాడు.
మా ఫ్లాట్‌లో ఏ గంటకైనా
ఎవరో ఒకరి నిద్ర నడుస్తూనే ఉంటుంది.

అందుకే నేను పాట నేర్చుకున్నది పెదవుల లోపల.
కిటికీ ఏసీ గొణుగుడే నాకు శ్రుతిపెట్టె.
కంప్రెసర్ ఆగితే నేనూ ఆగేదాన్ని,
మళ్ళీ గుర్రుమని అందుకుంటే
అది ఎక్కడ నిలబడితే అక్కడ నా షడ్జమం.
అమ్మ చెయ్యెత్తి "ష్" అనేది.
నాయన మాత్రం సాక్సు విప్పుకుంటూ
"పాడనీలే, దోమంత గొంతు" అనేవాడు.

ఆడిషన్ నోటీసు లైబ్రరీ లిఫ్టులో చూశాను.
మూడు రోజులు అదే లిఫ్టులో తిరిగాను,
పుస్తకాల కోసం కాదు,
"అనుభవం అక్కర్లేదు" అన్న ముక్క
ఇంకా అక్కడే ఉందో లేదో చూసుకోడానికి.

నూట పధ్నాలుగో గది.
పియానో వెనక నాయిరి మేడమ్,
బీరూట్‌లో పుట్టిన ఆర్మీనియన్,
మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు.
నాకు ముందు పాడిన పిల్ల
గాజు తలుపులు కంపించేలా పాడి
అబాయా సర్దుకుంటూ బయటికొచ్చింది.

లోపల చల్లగానే ఉంది, చప్పుడే లేదు.
అంత పెద్ద భవనంలో ఏసీ
ఎక్కడో దాక్కుని ఊపిరి తీస్తుంది.
శ్రుతి లేని గది నాకదే మొదటిసారి.
నోరు తెరిస్తే
చీకట్లో చివరి మెట్టు ఉందనుకుని
కాలు వేసినట్టయింది.

ఆవిడ ఒక మీట నొక్కింది. "ఇది పాడు."
పాడాను.
"వినబడలేదు."
పాడాను.
"ఎవరు లేస్తారని భయం?"
ఊరికే అడిగిందేమో. నేను నిజం చెప్పేశాను,
సోసమ్మ ఆంటీ సంగతి, టాక్సీ అన్నదమ్ముల సంగతి,
ఎవరి పడక ఏ గంటకో వేళలతో సహా.
ఆవిడ నవ్వలేదు. కళ్ళజోడు పెట్టుకుంది.
ఒక్కో మీటా కిందికి దిగుతూ పోయింది,
నేనూ దిగాను, బేస్‌మెంట్ పార్కింగు దాకా.
ఆ అడుగున నాకింకో గొంతు ఉందని
ఇన్నాళ్ళూ నాకే తెలీదు.

తర్వాత ఇంకో పరీక్ష.
రీమ్ అనే పిల్ల పైస్వరంలో వెళుతుంది,
నేను నా స్వరం మీదే ఉండాలి.
నాకు తెలిసిన పాటలో అందరిదీ ఒకటే దారి,
పంతులమ్మ ఎటు తిరిగితే పిల్లలంతా అటే.
ఇక్కడ పక్కమనిషి వెళ్ళిపోతుంటే
వెంటపడకుండా నిలబడటమే పాట.
మూడుసార్లు జారి ఆమె వరసలో పడ్డాను.
నాలుగోసారి ఒక చెవి వేలితో మూసుకుని
మా ఏసీని తలుచుకుని
గట్టిగా పట్టుకున్నాను.
మా ఇద్దరి మధ్య గాలి సన్నగా వణికింది.
రీమ్ కూడా విన్నట్టుంది,
పాడుతూనే నా వైపు కళ్ళు పెద్దవి చేసింది.

గురువారం జాబితా పెట్టారు.
యామిని కాస్తా "యమనీ" అని పడింది.
యెమెన్‌లో ఏ ఊరని ఇద్దరు అడిగారు.
రాయచోటి అన్నాను.
నల్ల గౌనుకు నూట ఇరవై దిర్హాములు,
అమ్మ లెక్కపుస్తకంలో రాసుకుంది,
ఉల్లిపాయల కింద, పాల పైన.

ఆ రాత్రి నా వరస సాధన చేస్తున్నాను.
నాలుగు పేజీల్లో నాకు దక్కినవి మూడు స్వరాలు,
అందులో ఒకదాని మీదే పదకొండు మాత్రలు.
బోర్డు మీద టక్ టక్.
గుటుక్కున మింగేశాను.
"ఆపావెందుకు? నాకీవేళ సెలవు,"
వచ్చీరాని హిందీలో సోసమ్మ ఆంటీ,
ఇన్నేళ్ళలో ఆ గోడలోంచి వచ్చిన
మొదటి పూర్తి వాక్యం.
మళ్ళీ ఎత్తుకున్నాను, ఇంకాస్త పైకి.
కంప్రెసర్ ఎప్పుడాగిందో చూసుకోలేదు.
ఆంటీ ఓపిగ్గా విని
"ఇదేం పాటే పిల్లా, ఉన్నచోటే ఉంది!"

"తక్కిన నలభైమందీ రావాలాంటీ," అన్నాను,
"అప్పుడు."