మట్టి తోలిన చలికాలాలు

మా అమ్మ పేరు తొమే.
ఆపు, ఇక చాలు అని అర్థం.
వరసగా ఐదో ఆడపిల్ల పుట్టిందని
ఎచ్చూలో మా తాత దేవుడికి పెట్టుకున్న అర్జీ అది.
దేవుడు వినలేదు. తర్వాత ఇంకో ఇద్దరు.

ఓడ దిగి, ఇషికారి నది వెంట మూడు రోజులు నడిచి వస్తే
కాగితంలో రాసిన మా పన్నెండెకరాలు
నేల కాదు.
వేల ఏళ్ళ నుంచి చచ్చిన రెల్లు
పూర్తిగా కుళ్ళనైనా కుళ్ళక నానుతున్న పరుపు.
నాన్న ఒకచోట కాలు తొక్కితే
పది బారల అవతల మా అక్క ఊగిందట.
నవ్విందట కూడా. దానికప్పుడు ఆరేళ్ళు.
ఇదంతా అక్క చెప్పిందే. అమ్మ ఏదీ చెప్పే మనిషి కాదు.

ఎవరిదీ కాని భూమి అని రాసుంది కాగితంలో.
మరి ఏటికి ఆ పేరెవరు పెట్టారు?
పెదాల చుట్టూ నీలి పచ్చబొట్టున్న ఐను ముసలామె
మొదటి వసంతంలో మా గుడిసె ముందు నిలబడి
ఏ దుంప తవ్వుకోవాలో, ఏది తింటే పోతామో
చేతులతో చెప్పి వెళ్ళింది.
మూడో ఏడు వాళ్ళని ఎగువకు తరలించేశారు.
ఆ దుంప పేరు తురెప్.
వాళ్ళ భాషలో మా ఇంట్లో మిగిలిన మాట అదొక్కటే.
నాన్న లెక్కల పుస్తకంలో దానికి పద్దు లేదు.

పుస్తకం నిండా బళ్ళే.
నేల గడ్డకట్టగానే
చక్రాల్లేని బండికి గుర్రాన్ని కట్టి
కొండవాలు నుంచి మట్టి తోలేవాడు.
తెల్లటి పొలం మీద నల్లటి కుప్పలు.
మంచు కరిగాక చూస్తే
కుప్పలు కూర్చుని, కుంగి, కనపడకుండా పోయేవి.
"ఇంత మట్టీ ఎక్కడికి పోతోందమ్మా?"
"ఆకలి మీదుంది. తిననీ."

మెయిజీ ముప్ఫై మూడో ఏడు: రెండొందల పద్నాలుగు బళ్ళు.
ముప్ఫై నాలుగు: నూట తొంభై. గుర్రానికి కాలు వాచింది.
ముప్ఫై ఐదు: నలభై ఒకటి. సకుజో.

అంతే రాశాడు. మా అన్న పేరు, పక్కన చుక్క.

జ్వరం తొమ్మిదో రాత్రి
అమ్మ దూలం మీంచి వెదురు గొట్టం దించింది.
ఎచ్చూ వడ్లు, గుప్పెడు.
వాడి చెవి దగ్గర పెట్టి ఆడించింది.
"అన్నం," అన్నాడు కళ్ళు తెరవకుండా.
దంచి వండితే ఒక్క ముద్దయ్యేది.
అమ్మ దంచలేదు.
తెల్లారేదాకా ఆడిస్తూనే ఉంది.
ఎందుకు దంచలేదని అడగడానికి
మా ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు,
నాకు డెబ్భై ఏళ్ళొచ్చినా రాలేదు.

ఆ వసంతంలో ఆ గుప్పెడూ మడిలో చల్లారు.
అదే ఎండాకాలం నేను పుట్టాను.
ఇనె అని పేరు పెట్టాడు నాన్న. వరి అని.
వరి పండని చోట.
పొట్టమీదుండగా చలిగాలి కొట్టి
వెన్నులన్నీ తాలు పోయాయి.
వెతికి వెతికి ఏరితే పదిహేడు గింజలు.
గొట్టంలో వేసి ఆడిస్తే
గింజకీ గింజకీ మధ్య ఎంత దూరమో
వినిపించేది.

తర్వాతి ఏళ్ళు నేను చెప్పలేను, అన్నీ ఒకటే.
తోలడం, చల్లడం, తాలు.
గుర్రం చచ్చింది, ఇంకోటి కొన్నారు, అప్పు.
పొరుగున కురొడా వాళ్ళు గుడిసె తలుపు తీసే ఉంచి
రాత్రికి రాత్రి వెళ్ళిపోయారు.
వాళ్ళ బంగాళాదుంపలు మేం తవ్వుకున్నాం.

నాకు పదకొండో ఏడు
మా మట్టిలో పండిన బియ్యం మొదటిసారి పొయ్యికెక్కాయి.
ఎవరం మాట్లాడలేదు. ఆవిరి మొహానికి తగలనిస్తూ కూర్చున్నాం.
అమ్మ తన గిన్నె ఖాళీ చేసింది,
దాని అడుగు కాసేపు చూసుకుంది,
మమ్మల్ని కాకుండా పొయ్యిని అడిగినట్టు
"ఇంకాస్త ఉందా?" అంది.

లేదు.
అక్క కుండ గీకి మాడు పెట్టింది.
అదీ తింది, చప్పుడయ్యేలా నమిలి.

నాన్న పుస్తకం తీసి తేదీ వేశాడు.
ఎన్ని బళ్ళో రాయబోయి,
ఇంకా మంచే పడలేదని గుర్తొచ్చి
మూసేశాడు.