అరవై ఒక్క రోజులు

వేసవికి ఇంటర్న్‌షిప్పు దొరికిందని చెప్తే
మా అయ్య వల మీంచి తలెత్తకుండానే
"ఆస్పత్రిలో నీకేటి పని, సూదులేత్తావేటి?" అన్నాడు.
లేదయ్యా, గళ్ళు శుభ్రం చేస్తాను.
గచ్చు మీది గళ్ళనుకున్నాడు కాబోలు,
మా అమ్మకేసి చూసి ఊరుకున్నాడు.

పెద్దాసుపత్రి వెనక పాత రికార్డుల గది.
ఏసీ ఉందని చెప్పినవాళ్ళు
అది పనిచేస్తుందని చెప్పలేదు.
మే నెల ఉక్క, కాగితాల ముక్కవాసన,
ఐదుగురు పిల్లలం, నాలుగు కంప్యూటర్లు,
పదకొండు వేల షుగర్ చీటీలు.

పేర్లు తీసేసే ఇచ్చారు మాకు.
వయసు గడిలో ఎవరో నర్సమ్మ
"హుద్‌హుద్ నాటికి యాభై" అని రాసింది.
పైథాన్ ఎర్రగా కోప్పడింది.
నేను వేళ్ళ మీద లెక్కేసి దిద్దాను.
ఒకాయన బరువు ఆరువందల పన్నెండు కిలోలు.
చుక్క జారిపోయింది, వెతికి పెట్టాను.
ఒక ముసలావిడ రెండేళ్ళలో జానెడు పొడుగైంది.
చిన్మయి నవ్వీ నవ్వీ కుర్చీలోంచి జారింది.

రెండోవారం ఖాళీల పని.
హుమేరా మేడం బోర్డు మీద రాశారు:
విలువ లేని వరుసలు తీసేయండి.
ఆమె అన్నది అంకెల గురించే.
నాకే ఎందుకో చెవిలో ఉండిపోయింది.

తీసేసే ముందు ఓసారి గ్రాఫు గీశాను.
ఖాళీలు చల్లినట్టు లేవు.
ఏటా ఒకేచోట గుంపుగా,
ఏప్రిల్ సగం నుంచి జూన్ సగం దాకా.
జూలైలో వచ్చినవాళ్ళ షుగరు
డాల్ఫిన్స్ నోస్ ఎక్కి కూర్చుంది.
"ఎండలకి రారు" అంది చిన్మయి.
"సెలవులకి ఊళ్ళెళ్తారు" అన్నాడు రోహిణీకుమార్.
పేర్లు తీసేశారు గానీ పేటలు ఉంచారు.
ఆ కాలమ్ తెరిచాను.
జాలారిపేట. జాలారిపేట.
హార్బరు వెనక సందు.
మళ్ళీ జాలారిపేట.

వేట లేదు.
వేట లేకపోతే వాటా లేదు,
ఆటోకి డబ్బుల్లేవు.
ఊరికే ఇచ్చే మందుకైనా వెళ్ళి రావాలి కదా.
ఇది ఏ కోర్సులోనూ చదువుకోలేదు,
మా ఇంటి క్యాలెండర్ మీద అయ్య
రోజుకొకటి కొట్టే బొగ్గు గీతల్లో తప్ప.

మేడంకి చెప్పబోయి ఇంగ్లీషు తడబడి
తెలుగులోకి దిగిపోయాను:
వలకి కంతలుంటాయి మేడం,
అల్లినవి కొన్ని, చేప చించినవి కొన్ని.
అన్నిటినీ ఒకేలా కుట్టేస్తే
వల గుడ్డయిపోతుంది.
ఆమె మార్కర్ మూత పెట్టి, తీసి, పెట్టి
"ఇంకో కాలమ్ కలుపు" అన్నారు.
పేరేం పెట్టాలి?
"నువ్వే పెట్టు."
వేట_లేదు అని పెట్టాను.
ఒకటి, లేదా సున్నా.

ఆ సాయంత్రమే కనపడింది
నాలుగువేల పద్దెనిమిదో వరుస.
మగ. యాభై మూడు. మా పేట.
మూడేళ్ళుగా వేసవంతా ఖాళీ.
ఎడమకాలి పుండు: అవును.
ఎవరని అడగకూడదు,
మొదటిరోజే సంతకం పెట్టాం.

ఇంటికెళ్ళేసరికి అయ్య
కాళ్ళు చాపుకుని వల బాగుచేస్తున్నాడు.
చెప్పులు తెచ్చి పక్కన పెట్టాను.
"ఇంట్లో చెప్పులేటే?" అన్నాడు.