ముప్పై దిర్హాముల కేక

శుక్రవారం. ముసఫా క్యాంపు గేటు కాడ
రెండు బస్సులు.
ఒకదాని మెట్ల మీద పచ్చ అంగీల మూట,
ఇంకొకదాని మీద నారింజవి.
పేర్లు రాసుకునేటోడు మొఖాలు సూడలే,
తలకాయలు లెక్కవెట్టుకున్నడు.
మనిషికి ముప్పై దిర్హాములు,
బిర్యానీ పొట్లం, నీళ్ల సీసా.
పని ఏందంటే
అరుసుడు.

పై మంచం లింబాద్రిది, కింది మంచం నాది.
నాలుగేండ్ల సంది
వాని మడిమె నా నిద్రకు సూరు.
గా దినం వాడు పచ్చ బస్సెక్కిండు.
నాకు నారింజ అంగీ దొరికింది, రెండు సైజులు పెద్దది.
గంతే.
మా ఇద్దరి నడుమ పగకు
ఇంతకు మించి కారణం వెతికినా దొరకది.

ఖాళీ కుర్చీలు టీవీల కనవడొద్దట.
సంచిల ఇసుక వోసినట్టు
మమ్ములను వోసిండ్రు.
ఒక పిలగాడు మెడల డప్పేసుకొని
నోరు తిరగని మాటలు నేర్పిండు.
అర్థమేందని అడిగితే
గొంతు చాలు, అర్థమెందుకన్నడు.
డప్పు మోగంగనే
పీర్ల గుండం కాడ నిలవడ్డట్టు
కాళ్లు వాటంతటవే లేసినయి.

సూపర్‌వైజర్ ముంగట గొంతు లేస్తే
రెండు దినాల జీతం కోత.
ఈడ గొంతు లేవకుంటే కోత.
గీ లెక్క సమజయ్యేసరికి
సగం ఆట ఒడిసింది.

ముందుగాల్ల డప్పోడు చెప్పిందే అరిసినం.
ఎప్పుడు మారిందో ఎరుక లేదు,
కడప ఖాజావలి
మూడు నెలల బకాయి పేరు వెట్టి అరిసిండు.
ఎవలూ పట్టుకోలే. హోరుల కలిసింది.
నేను మెట్‌పల్లి ఏజెంటును తిట్టిన.
నా పాస్‌పోర్టు దాసిన బీరువాను తిట్టిన.
దాని తాళంచెవిని తిట్టిన.
అన్ని లైట్ల కింద నిలవడి
నా తెలుగు నేనే విన్న.

అవతల అసలు అభిమానులు
మూతులకు గుడ్డలు గట్టి ఎర్రపొగ కాల్చిండ్రు.
పెద్ద పెద్ద కార్లల్ల వచ్చిన పిలగాండ్లు,
కొట్లాట వాళ్లకు వారం వారం పండుగ.
సీసాలు మొదలు వాళ్లే ఇసిరిండ్రు.
నేనూ ఇసిరిన.
చెయ్యి మస్తు అల్కగైంది.
ఎవనికి తాకిందో సూడలే.
సూడకపోవుడే దాని రుచి.

పోలీసులు వచ్చేసరికి
కార్లోళ్లు కార్లల్ల ఎల్లిపోయిండ్రు.
మా రెండు బస్సులు
ఒక్క క్యాంపుకే రావాలె కద.
నల్లాల కాడ దిగినం.
పచ్చోడొకడు ఏమన్నడో,
నారింజోడొకడు ఏం విన్నడో.
లింబాద్రి కండ్లు నన్ను ఆనవాలు వట్టలే,
అంగీని పట్టినయి.
వాడు బకీటెత్తిండు. నేను పిడికిలి.
వాని పన్నొకటి
నా వేలి కణుపు మీద గాటు వెట్టి రాలింది.

నేపాలీ తేజ్ బహదూర్‌కు గీ సంగతే తెల్వది.
కొత్త బట్ట అని తన అంగీ మడతవెట్టి
తలకింద పెట్టుకొని పన్నడు.

తెల్లారి నాలుగింటికి మళ్ల బస్సు.
స్టేడియం సఫాయి కాంట్రాక్టు మా కంపెనీదే.
ఈసారి అందరికీ నీలమే.
ఇసిరిన సీసాలు ఇసిరినోళ్లమే ఏరినం.
ఇరిగిన కుర్చీలకు బోల్టులు బిగించినం,
కింద వాడు పట్టుకున్నడు,
మీద నేను పానా తిప్పిన.
బుగ్గ వాసి మాట తిరుగుతలేదు వానికి.
"గా బకీటుకు సొట్ట పాతదేరా" అన్నడు,
"నీ తలకాయది కాదు."
మాఫీ అని నేననలే. వాడూ అడగలే.
సంచిల నుంచి ఒక సీసా తీసిన,
సగం నీళ్లున్నయి,
చేతుల ఒకసారి తూచి
మళ్ల సంచిల వేసిన.

వచ్చే శుక్రవారం ఇంకో ఆట ఉన్నదట.
రాసుకునేటోడు రాకముందే
పోయి గేటు కాడ నిలవడ్డ.
ఇంకా చీకటే.
నా ముంగట ఒక్కడే ఉన్నడు.
మొఖం కనవడలే,
మడిమె ఎరుకే.