కళ్ళకలక

తెల్లవారుజామున మూడింటికి
ఉత్తర టెక్సాస్ మైదానంలో గాలి తప్ప ఏదీ మేల్కొని ఉండదు,
పాలు పితికే షెడ్డు తప్ప.
ఎవులాలియో ఇష్కోయ్ వంతుకి ఎనిమిది వందల ఆవులు.
ప్రతి పొదుగూ సరిగ్గా అతని ముఖం ఎత్తుకే వచ్చి నిలబడుతుంది.

వారం నుంచీ కొన్ని మేత ముట్టడం లేదు.
పాలు పచ్చగా, చిక్కగా, జున్నుపాలలా ఉన్నాయన్నాడు.
ఈని ఆరునెలలైన ఆవుకి జున్నుపాలేమిటని
తనే మళ్ళీ నవ్వాడు.
పిల్లులు ఆ పాలే తాగాయి.
బూడిదరంగు తల్లిపిల్లి గోడవారన గుండ్రంగా తిరిగి తిరిగి
ఆదివారానికి పడిపోయింది.
పాతిపెట్టింది అతనే. చేతికి తొడుగుల్లేవు.

నేను కౌంటీ నుంచి దూదిపుల్లలూ సీసాలూ పట్టుకెళ్ళిన మనిషిని.
అతని ఎడమకన్ను చింతనిప్పు.
దగ్గు లేదు, ముక్కు కారదు, ఇదేం ఫ్లూ అంటాడు.
అతనికి స్పానిష్ అంతంతే, నాకు కిచే అసలే రాదు.
మధ్యన ఫోనులో పెత్రోనా అనే దుబాసీ.

నేను చెప్పిందింతే:
ఇది బాతు పేగుల్లో కాపురమున్న పురుగు.
ఒంట్లో ప్రతి కణం గడపమీదా చక్కెర పలుకులుంటాయి,
బాతుకి ఒక వంపు, మనిషి గొంతుకి ఇంకో వంపు.
తనకు తెలిసిన వంపు దొరికితేనే ఇది లోపలికి పోతుంది.
ఆవు పొదుగులో రెండూ ఉన్నాయి.
మీ కంటిపొరలో బాతు వంపు ఉంది.
పితుకుతుంటే చిందింది.

పెత్రోనా చాలాసేపు మాట్లాడింది.
నా నాలుగు ముక్కలకి అంత పొడుగేమిటా అనుకున్నాను.
"బాతుకీ తనకీ కంట్లో చుట్టరికమైతే
ఆ చుట్టం ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడుగుతున్నాడు" అంది.

నా దగ్గరున్నది సగం జవాబు.
అది తనని తాను ఎత్తిరాసుకుంటూ పోతుంది,
దిద్దే పంతులు లేని చూచిరాత.
తప్పుల్లో చాలామటుకు పుట్టిన చోటే చస్తాయి.
ఏదో ఒక తప్పు
ఏదో ఒక ఆవులో
గొంతు వంపుకి అతికినట్టు కుదరొచ్చు.
ఇవాళ్టికి కుదరలేదు.
రేపటి మాట పెత్రోనాకి చెప్పలేదు నేను.

పదిరోజులు గదిలోనే ఉండాలన్నాను.
"జీతం?"
ఆ మాటకి దుబాసీ అక్కర్లేకపోయింది.
నేను కాగితాలు సర్దుకున్నాను.

బయట పేడనీళ్ళ మడుగులో
బాతులు ఒకటొకటే దిగుతున్నాయి,
దిగిన ప్రతిదీ ఒకసారి తల ముంచి విదిలిస్తోంది.
కారు తలుపు తీశాను.
కంట్లో ఏదో దురద.
నలుపుకోబోయి
చెయ్యి అలాగే గాల్లో ఉంచి
కాసేపు నిలబడ్డాను.